పాలకొలతతో పెట్రోలు

“నీ కొడుక్కి చెప్పు. పానాల డబ్బా బండిలనే ఉంచుమను. అది బండితోని వచ్చింది, బండితోనే పోవాలె” అన్నాడు అంజన్న.

కొడుకు మహేందర్ అక్కడికి మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. తండ్రి మాట చెవిన పడనట్టు, నట్లు బిగించే పానాల డబ్బా మూత తెరిచాడు.

“మీ ఆయనకు చెప్పమ్మా. డబ్బా బండోళ్లదే, అండ్ల పానాలు నావి. నావి నేను తీస్కుంటున్న.”

పాలక్యాను చేత్తో పట్టుకుని శారదమ్మ ఇద్దరి మధ్యా నిలబడింది. నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మాటలన్నీ ఆమె మీదుగానే నడుస్తున్నాయి. ఇద్దరికీ చెవులు బాగానే పనిచేస్తాయి. నోళ్లు అంతకంటే బాగా పనిచేస్తాయి. అయినా మధ్యలో ఆమె ఉండాల్సిందే.

“నాకు పాలకు టైమైతుంది. మీరు మీరు మాట్లాడుకోండ్రి” అంది.

ఇద్దరూ ఆమె వైపే చూశారు.

లాల్‌దర్వాజాలో వాళ్ల కొట్టం ఉన్న గల్లీ ఎంత సన్నం అంటే, ఒక ఆటో లోపలికి వస్తే ఎదురొచ్చే ఆటో వెనక్కి పోవాల్సిందే. ఆ కొట్టంలో ఎనిమిది బర్రెలకూ ఒక్క ట్రాక్టరుకూ చోటుంది. వారం రోజులుగా రెండో ట్రాక్టరు గల్లీలో నిలబడి వచ్చేపోయే వాళ్లందరి చేతా తిట్లు తింటోంది. అది మహేందర్ తెచ్చిన డీజిల్ బండి. సెకండ్ హ్యాండుదే కానీ రంగు ఇంకా నిగనిగలాడుతోంది. వారం నడిపి చూసుకోమని, పాత బండ్లు అమ్మే బాలరాజ్ ఇచ్చాడు. ఆ వారం ఈరోజు మధ్యాహ్నంతో అయిపోతుంది.

లోపల ఉన్నది పెట్రోలు బండి. అంజన్న తండ్రి దుర్గయ్య ఏదో జాగీర్దారు తోట వేలంలో పాడుకుని తెచ్చినది. పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను వేడెక్కాక గ్యాసునూనెకు, అంటే కిరోసిన్‌కు మార్చేవాళ్లు. రేషన్ షాపులో గ్యాసునూనె దొరికినన్నాళ్లు దాని తిండి ఇంటికి బరువనిపించలేదు. గ్యాసునూనె బందయ్యాక పూర్తిగా పెట్రోలు మీదే పడింది. అప్పటి నుంచి మూసీ ఒడ్డున కోసిన గడ్డిని నాగోలు అవతలి నుంచి కొట్టానికి మోసుకురావడమంటే ఇంట్లో రోజూ లొల్లే.

“లీటర్లు లీటర్లు అని వారం సంది నా పానం దీసిండు” అంజన్న పాత బండి బానెట్‌ను తడిబట్టతో తుడుస్తూ భార్యతోనే అన్నాడు. “పెట్రోల్ బండి సప్పుడు జూడు. పక్కల బర్రె పాలు పిండుతున్నా బెదరదు. వాని డీజిల్‌ది ధడధడమన్నంక ఆ సుక్కబర్రె మూడు దినాలు సక్కగ పాలియ్యలె.”

“ఎండలకు తగ్గినయ్ పాలు. బండి మీద పెట్టకుమను” అన్నాడు మహేందర్. “నాగోల్ ఎత్తు మీద నా బండి రెండో గేర్ల మెల్లగ ఎక్కుతది. ఆయన బండికి ఎత్తు వస్తె రేస్ పెట్టాలె. రేస్ పెడితె గటగట తాగుతది. లోడు గుంజేదానికి డీజిలే. పెట్రోల్‌ల ఉరుకుడు ఉంటది. గడ్డి గుంజనీకె ఉరుకుడు ఎందుకమ్మా మనకు?”

“ఉరుకుడో నడుసుడో, నిన్న తేలింది గద! తొమ్మిది లీటర్లు!” అంజన్న ఆ తొమ్మిదిని గల్లీ చివరిదాకా వినపడేలా పలికాడు.

మహేందర్ మళ్లీ డబ్బా మీదికి వంగాడు. పానాలను ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో వేసుకున్నాడు.

నిన్నటి పందెం గల్లీ అంతా నిలబడి చూసింది. రెండు బండ్లకూ టాంకులు మూతి దాకా నింపారు. ఒకే దారి, ఒకే గడ్డి, యాభై యాభై మోపులు. పోయివచ్చాక మళ్లీ మూతి దాకా నింపితే ఎంత పడుతుందో అంత తాగినట్టు. బంకు మీటరును అంజన్న నమ్మడు. తూనికలవాళ్ల ముద్ర ఉన్న పాత పాలకొలతతోనే పొయ్యాలన్నాడు. ముసలి బండి కదా అని మహేందరే రెండు లీటర్లు విడిచిపెట్టాడు. డీజిల్ బండి కంటే రెండు లీటర్లకు మించి ఒక్క చుక్క తాగినా పాత బండిని పురానాపూల్‌లో పాత ఇనుము కొనేవాడికి అప్పగించాలి. మించకపోతే డీజిల్ బండి బాలరాజ్ వెంట వెనక్కి పోవాలి.

డీజిల్ బండికి కోడలు సోనీ పోసింది. ఏడు లీటర్లు పట్టాయి.

పెట్రోలు బండికి శారదమ్మ పోసింది. తొమ్మిదో లీటరుకు పెట్రోలు టాంకు మూతి దాకా వచ్చి నిలిచింది. అరవై ఏడేళ్ల అంజన్న చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు.

మహేందర్ మాత్రం ఒకే మాట అన్నాడు. పెట్రోలు పోసి గడ్డి మొయ్యడం తన వల్ల కాదని, చేవెళ్ల దిక్కు కంకర క్రషర్‌లో టిప్పర్ నడపడానికి పోతానని. సోనీని కూడా తీసుకుపోతానని.

ఉన్నది ఒక్క కొడుకు. వాడు పోతే ఎనిమిది బర్రెలూ, ముసలి మొగుడూ, ముసలి బండీ అన్నీ శారదమ్మ నెత్తినే. అంతకంటే ముందు, వాడు లేని ఇంట్లో పొద్దున లేచి ఎవరి మొహం చూడాలో ఆమెకు తెలియదు.

*

గుమ్మం ముందు పాలు పోసేటప్పుడు ఆమె మనసు మనసులో లేదు.

మహంకాళి గుడి వెనక గల్లీలో ఉండే నళిని ఆఫీసుకు తయారై, భుజాన బ్యాగు, చేతిలో స్టీలు గిన్నెతో వచ్చి నిలబడింది. పదేళ్లుగా ఇక్కడే పాలు పోయించుకుంటోంది.

“రెండు లీటర్లక్కా. రాత్రికి చుట్టాలొస్తున్నరు.”

శారదమ్మ కొలతను క్యానులో ముంచింది. “లాభం” అంది. ఆ ఇంట్లో మొదటి కొలతను ఎవరూ ఒకటి అనరు. అత్త రాజమణి అనలేదు, ఈమె కూడా అనదు. లాభం, రెండు. చూపు మాత్రం కొట్టం వైపే ఉంది. అక్కడ మహేందర్ సంచి మూతి తాడుతో బిగిస్తున్నాడు.

నళిని చిన్నగా నవ్వింది.

“ఏందమ్మా నవ్వుతున్నవ్?”

“ఏంలేదక్కా. కండ్లు ఆడున్నయ్, మనసు ఎక్కడున్నదో తెల్వదు. చెయ్యి మాత్రం కొసరు మర్వలె. రెండు లీటర్లకు రెండు మాట్ల పోసినవ్. చూడను గూడ చూడలె నువ్వు.”

శారదమ్మ చేతివైపు చూసుకుంది. కొలతలో ఇంకా అడుగున పాలు ఉన్నాయి. కొసరుకు ముంచినవి.

“మస్తు అలవాటైందక్కా నీకు. నిద్దట్ల లేపి కొలత చేతికిచ్చినా కొసరు పోస్తవ్” అని నళిని గిన్నె మీద మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

శారదమ్మ కొలతను క్యాను మూత మీద పెట్టింది.

నిద్దట్లో లేపి ఇచ్చినా. చేతిలో ఏముందో చూడకుండా ఇచ్చినా. పాలకు బదులు పెట్రోలు ఇచ్చినా?

నిన్నటి సాయంత్రం కళ్ల ముందు నిలిచింది. పాత పాలక్యానులో పెట్రోలు. టాంకు మూతిలో గరాటు. స్టూలు మీద తను. కింద గల్లీ జనం. లాభం, రెండు, మూడు. ప్రతి కొలతా గరాటులో వంచాక చెయ్యి మళ్లీ క్యానులోకి పోవడం, అడుగు నిండేంత ముంచుకుని, అదీ వంచి, అప్పుడు గానీ తర్వాతి లెక్క నోట రాకపోవడం. ముంజేతి మీద పెట్రోలు చల్లగా తగిలింది కూడా.

పెళ్లయిన కొత్తలో ఒకసారి కొసరు మరిచిపోతే రాజమణి అందరి ముందే మణికట్టు మీద చరిచింది. “కొసరు పొయ్యకుంటె రేపు ఇంకో గల్లీకి పోతరు పిల్లా” అంది. అంతే, ఆ తర్వాత ముప్పయ్యైదేళ్లలో ఆ చెయ్యి ఒక్కనాడూ మరవలేదు.

తొమ్మిది లీటర్లు. తొమ్మిది కొసర్లు. ఒక్కో కొసరు చిన్న టీగ్లాసుడు ఉంటుంది. అన్నీ కలిపితే ఇంకో లీటరుకు కొంచెం తక్కువ.

పాత బండి రెండుకు మించి తాగింది. పందెం ఓడిపోయింది. ఓడిన బండిని గెలిపించింది తన చెయ్యి.

“పెద్దమ్మా, పాలు!” అని ఎవరో గిన్నె చాచారు. శారదమ్మ పోసింది. ఎంత పోసిందో ఆమెకు తెలియదు.

*

కోడలు సోనీ వంటింట్లో కుక్కరు మూత బిగిస్తోంది. పురానాపూల్ దగ్గర బట్టల కొట్టు నడిపే ఇంటి పిల్ల. ఈ ఇంటికి వచ్చి రెండేళ్లైనా బర్రె దగ్గరికి పోవాలంటే ఇప్పటికీ ఒకడుగు వెనకే నిలబడుతుంది.

“సోనీ, నిన్న డీజిల్ ఎట్ల పోసినవే నువ్వు?”

“ఎట్లేంది అత్తమ్మా? గీత దాక నింపిన, పోసిన.”

“గంతేనా?”

“గంతే.”

“పోసినంక మళ్ల ముంచలే?”

సోనీ అటు తిరిగింది. కుక్కరును పొయ్యి మీద పెట్టింది. పొయ్యి వెలిగించింది. మంట తగ్గించింది. అంత పనేమీ లేదు అక్కడ.

“ముంచలె అత్తమ్మా. నేను ముంచలె.”

‘నేను’ అన్న మాటను ఆ పిల్ల కొంచెం ఒత్తి పలికింది. శారదమ్మ గోడకు ఆనుకుంది.

“జూసినవా నువ్వు?”

“జూసిన.”

“నిన్ననే?”

“రెండో కొలత కాడనే జూసిన. ముందు మీరు కావాలని చేస్తున్నరనుకున్న. మామయ్య బండి అని. మీ మొకం జూస్తె గట్ల కొట్టలె. అలవాటు మీద పోస్తున్నరని సమజైంది.”

“మరి జెప్పొద్దానే!”

“ఎట్ల జెప్పాలె అత్తమ్మా?” సోనీ గొంతు తగ్గింది గానీ మాట తగ్గలేదు. “గల్లీ మొత్తం నిలబడ్డది. నిన్న మొన్న వచ్చిన కోడలు అత్త కొలతల తప్పు పట్టిందంటరు. మామయ్య గట్ల ఎగురుతుండె. నోరు తెరిస్తె నేను మా ఆయన బండి కోసం లొల్లి పెట్టిననంటరు. ఆయనకు గూడ జెప్పలె. జెప్తె అప్పుడే రచ్చ చేస్తుండె.”

శారదమ్మకు కోపం రావాలి. రాలేదు. తనైనా ఆ వయసులో, ఆ స్టూలు మీద రాజమణి ఉంటే, నోరు విప్పేదా?

“నాకు క్రషర్ కాడికి పోవాలని లేదు అత్తమ్మా” అంది సోనీ ఉన్నట్టుండి. “ఆడ రేకుల రూములంట. నీళ్లు ట్యాంకర్ వస్తెనే. ఆయన వచ్చే దాక నేనొక్కదాన్నే ఉండాలె.” కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట తుడుచుకున్నట్టే తుడుచుకుంది.

“పోనియ్య నిన్ను. మామయ్యకు చెప్త.”

“చెప్తరా?”

“చెప్త.”

గడప దాటేదాకా ఆ మాట గట్టిగానే ఉంది.

*

అంజన్న పాత బండి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. బానెట్‌కు పసుపు రాశాడు. కుంకుమ బొట్టు పెట్టాడు. దండ కూడా తెచ్చి పెట్టుకున్నాడు. పెళ్లినాడు కూడా ఆయన మొహం ఇంత వెలగలేదని శారదమ్మకు ఖాయంగా గుర్తుంది.

“రా, కూసో” అన్నాడు. రెండు రోజుల్లో భార్యను కూర్చోమన్నది ఇదే మొదలు.

“నీకొక మాట చెప్పాలయ్యా.”

“నేను చెప్త ముందు. నవ్వకు మల్ల.” పసుపు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. “నేను ఓడిపోతననుకున్న శారదా.”

శారదమ్మ పీట పక్కన కూర్చుంది.

“దీని పానం నాకు ఎర్క లేదా? గ్యాసునూనె బందైన కాడికెంచి దీని కడుపు నింపుడు నాతోని గాలె. ఎత్తు మీద ఎట్ల తాగుతదో సీటు మీద కూసున్నోనికి తెల్వదా? పదకొండు తాగుతదనుకున్న. పది తాగినా పోయినట్టే. నిన్న పొద్దుగాల పురానాపూల్ పోయి, ఆ పాత ఇనుమాయనకు చెప్పొచ్చిన గూడ. నాలుగు గంటలకు గిట్ల తెస్త, గేటు తీసి పెట్టుమని.”

“చెప్పొచ్చినవా?”

“మాటన్నంక ఉండాలె గద. పోరని ముందట ఏడుస్తమా?” అంజన్న కాసేపు టైరు వైపు చూశాడు. “ఇంట్లకొచ్చి అన్నం తినలె నేను. ఆరోగ్యం బాగలేదన్న నీతోని. తిననీకె పోలె శారదా. బాపు పోయినప్పుడు గూడ గట్ల గాలె నాకు.”

అంజన్న పక్కకు తిరిగాడు. గొంతు సవరించుకుని మళ్లీ ఇటు తిరిగేసరికి నవ్వు వచ్చేసింది.

“తొమ్మిదో లీటరుకు మూతి దాక వచ్చి ఆగింది జూసినవా? నువ్వు పోసినవ్ గాబట్టి నమ్మిన. వేరేటోడు పోస్తె నేనే మళ్ల కొలవమంటుంటి. లాల్‌దర్వాజల ఈ చెయ్యి మీద ఇప్పటి దాక ఒక్కడు మాట అన్నడా?” అంటూ ఆమె కుడిచేతిని పట్టుకుని ఊపాడు. పసుపు ఆమె చేతికీ అంటుకుంది.

“ఇగ చెప్పు. ఏందో చెప్తనన్నవ్.”

శారదమ్మ ఆ మొహం వైపు చూసింది. చెప్పడానికి మూడు మాటలు చాలు. కొసరు గూడ పోసిన. అంతే. ముప్పయ్యైదేళ్లుగా ఈ మనిషితో ఎన్ని వేల మాటలు అన్నదో, ఆ మూడూ మాత్రం బయటికి రాలేదు.

“పాలు… ఇయ్యాల జెర తక్కువైనయ్” అంది.

“గా డీజిల్ బండి పోనియ్యి, అన్ని సుదురాయిస్తయ్” అన్నాడు అంజన్న హాయిగా.

వంటింటి కిటికీలోంచి సోనీ చూస్తోంది. శారదమ్మ అటు తలెత్తలేకపోయింది.

*

బాలరాజ్ చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. బండి తోలుకుపోవడానికి తనే వచ్చాడు. టవలు భుజాన వేసుకుని డీజిల్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఏం కాకా, నచ్చలేదా మా బండి?”

“బండి మంచిదే. మా ఇంట్ల ఉన్నది ఇంకా మంచిది” అన్నాడు అంజన్న.

“పెట్రోల్ ట్రాక్టర్ తొమ్మిది లీటర్ల వచ్చిందంట? నేను నమ్మలె కాకా. మా దిక్కు గసొంటిది ఒకటుండె. డీజిల్ ఏడు తాగే కాడ అది పది పదకొండు తాగుతుండె. అమ్ముదమంటె పుక్కట్ల గూడ తీస్కపోలె ఎవ్వడు.”

అంజన్న మొహం గంటు పెట్టుకున్నాడు. మహేందర్ తాళంచెవి జేబులోంచి తీశాడు గానీ ఇవ్వలేదు.

“అమ్మా” అన్నాడు.

శారదమ్మ ఉలిక్కిపడింది.

“తొమ్మిదే గదమ్మా?”

వాడి గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు పరీక్ష ఫెయిలైన రోజున, మళ్లీ ఒక్కసారి నంబరు చూడమ్మా అని అడిగినప్పటి గొంతది.

“అమ్మ కొలతను అనుమానపడ్తున్నవారా?” అంజన్న లేచాడు. నిన్నటి నుంచి తండ్రి నేరుగా కొడుకుతో అన్న మొదటి మాట అదే.

“అనుమానం గాదు బాపు. పోయే ముంగట ఒక్కసారి అడుగుతున్న. అడగొద్దా?”

“అడుగు. అడుగుడెందుకు, కండ్లతోని జూడు. బాలరాజు గూడ జూస్తడు. శారదా! పట్కరా ఆ కొలత.”

“ఎందుకయ్యా ఇప్పుడు…”

“పట్కరా అంటున్న గద. నీళ్లతోని పోసి సూపెట్టు. నిన్న ఎట్ల పోసినవో గట్లనే. గీత దాక ఎట్ల నింపుతవో సూడనియ్యి. మళ్ల ఎవ్వడు నోరెత్తొద్దు.”

సోనీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “మామయ్యా, వద్దు తియ్యుండ్రి. పొద్దువోతుంది…”

“నువ్వు లోపలికి పోమ్మా.”

సోనీ లోపలికి పోలేదు.

శారదమ్మ కొలత తెచ్చింది. పెట్రోలు వాసన ఇంకా పోలేదు దానికి. బర్రెల నీళ్లతొట్టి ముందు అంజన్న ఖాళీ బకెట్ పెట్టాడు.

చెయ్యి ఆపుకుంటే చాలు. తొమ్మిదిసార్లు, ఒక్క తొమ్మిదిసార్లు ఆపుకుంటే మొగుడి నవ్వు నిలుస్తుంది. ఆపుకుంటే కొడుకు పోతాడు. మహంకాళి తల్లీ, ఏం చెయ్యమంటవే నన్ను, అనుకుంది.

కొలతను తొట్టిలో ముంచింది. గీత దాకా నింపి బకెట్‌లో వంచింది.

“లాభం.”

ఎడమచేత్తో కొంగును గట్టిగా పట్టుకుంది. కుడిచెయ్యి తొట్టివైపు జరగబోయింది. ఆపింది. ఆగింది.

“సూస్తున్నవా?” అన్నాడు అంజన్న బాలరాజ్‌తో.

“రెండు.”

ఆగింది. నుదుటి మీది చెమట కంట్లో పడింది. తుడుచుకోలేదు.

“మూడు.”

గల్లీలో ఎవరో స్కూటర్ హారన్ కొట్టారు. డీజిల్ బండి దారికి అడ్డమని. శారదమ్మ తల అటు తిరిగింది. చెయ్యి తొట్టిలోకి పోయింది, అడుగు నిండేంత ముంచుకుంది, బకెట్‌లో వంచింది.

చాలా కొంచెం నీళ్లు. బాలరాజ్ హారన్ కొట్టినవాడి వైపు చూస్తున్నాడు. అతనికి ఏమీ తెలియలేదు.

మహేందర్ చూశాడు.

అంజన్న చూశాడు. ముప్పయ్యైదేళ్లుగా ఆ చెయ్యి పాలు పోస్తుంటే పక్కన కూర్చున్న మనిషి. ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది. తీసెయ్యడం మరిచిపోయినట్టు.

“చాలమ్మా!” మహేందర్ గబగబా వచ్చి ఆమె చేతిలోంచి కొలత లాక్కోబోయాడు. “తొమ్మిదే. జూసిన, చాలు. బాలరాజన్నా, ఇగో తాళంచెవి. తీస్కపో బండి.”

“ఆగు” అన్నాడు అంజన్న.

“బాపు, నేను ఒప్పుకుంటున్న గద! తొమ్మిదే.”

“నిన్న గూడ గిట్లనే పోసినవా శారదా?”

ఆమె అవుననలేదు. కాదనలేదు. కాపురం చేసినవాడికి అంతకంటే జవాబు అక్కర్లేకపోయింది.

అంజన్న కొట్టంలోకి నడిచాడు. దండను చేత్తో పక్కకు జరిపి, టాంకు కింద రబ్బరు పైపు ఊడదీసి, పాత పాలక్యాను దాని కింద పెట్టాడు. పెట్రోలు సన్నటి ధారగా క్యానులో పడసాగింది.

“ఏం చేస్తున్నవ్ బాపు?”

“బండి ఇస్తమన్నం, పెట్రోల్ ఇస్తమనలె గద. నీ స్కూటర్‌కు అక్కరకొస్తది.”

టాంకు నిన్ననే మూతి దాకా నిండింది. ఖాళీ అవ్వాలంటే చాలాసేపు పడుతుంది. బాలరాజ్ తాళంచెవి చేతిలో పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియక గోడకు జరిగాడు. బర్రెలు గడ్డి నములుతున్నాయి. సోనీ ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

ధార తగ్గి, చుక్కలై, ఆగిపోయింది. అంజన్న పైపును మళ్లీ బిగించాడు. నెమ్మదిగా ఎక్కి సీటు మీద కూర్చున్నాడు.

“ఒక్క లీటర్ పొయ్యి శారదా. పురానాపూల్ దాక గంతే పడ్తది. ఎట్లా వాపస్ వచ్చేది లేదు.” కొంచెం ఆగాడు. “కొసరు వద్దు.”

“ఏమయ్యా…”

“పొయ్యి.”

ఆమె కొలత నింపింది. గీత దాకా. ఎందుకు నింపిందో ఆమెకు తెలియదు. మూడుసార్లు చెప్పించుకోకుండా మొగుడి మాట విన్న మొదటి రోజు ఇదేనేమో.

మహేందర్ బండి మీదికి ఎగబాకి, టాంకు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. తండ్రికీ కొడుక్కీ మధ్య జానెడు దూరం లేదు. ఒకరి ఊపిరి ఒకరికి తగులుతోంది.

అంజన్న కొడుకు వైపు చూడలేదు.

“నీ కొడుక్కి చెప్పు. చెయ్యి తియ్యమను” అన్నాడు.

“మీ ఆయనకు చెప్పమ్మా. దిగుమను” అన్నాడు మహేందర్.

నిండు కొలత పట్టుకుని శారదమ్మ కింద నిలబడింది. కొలత ఒరిగి పెట్రోలు వేళ్ల మీదుగా కారుతోంది. చెయ్యి తియ్యమని వాడికీ చెప్పలేదు, దిగమని ఆయనకూ చెప్పలేదు.